పాత గేమ్ కంట్రోలర్లను ఇంటికి తెచ్చుకునే ముందు ఎంతవరకు శుభ్రం చేయాలి?

ప్రశ్న (భీమవరం నుంచి)

అందరికీ నమస్కారం. మా ఊళ్లో మూతపడుతున్న ఒక గేమింగ్ పార్లర్ వారు ప్లేస్టేషన్ 4 కన్సోల్‌నూ, దానితోపాటు రెండు డ్యూయల్‌షాక్ 4 కంట్రోలర్లనూ అమ్మకానికి పెట్టారు. ధర మాకు అందుబాటులోనే ఉంది, కన్సోల్‌ను నా కళ్లముందే ఆడించి చూపించారు కాబట్టి దాని మీద అనుమానమేమీ లేదు. బెంగంతా కంట్రోలర్ల గురించే. రోజుకు ఎంతమంది చేతులు మారాయో తెలియని వస్తువులవి. పైగా మా చిన్నమ్మాయికి ఇంకా రెండేళ్లు నిండలేదు, చేతికి దొరికినది ఏదైనా నోట్లో పెట్టుకుంటుంది. పూర్తిగా శుభ్రం చేయకుండా వాటిని గుమ్మం దాటనిచ్చేది లేదని మా ఆవిడ తేల్చి చెప్పేసింది. ఇంట్లో ఉన్న శానిటైజర్‌తో పైపైన తుడిస్తే సరిపోతుందా, లేక విప్పించి లోపల కూడా శుభ్రం చేయించాలా, అసలు డబ్బు ఇచ్చే ముందు ఏయే భాగాలను పరీక్షించి చూడాలి అన్నది అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

సమాధానం 1 (అమలాపురం, ఎలక్ట్రానిక్స్ రిపేరు పని)

శానిటైజర్ వద్దండి. చేతులకు రాసుకునే జెల్‌లో చర్మం పొడిబారకుండా గ్లిజరిన్ కలుపుతారు, అది బటన్ల సందుల్లోకి దిగి జిగురుగా ఉండిపోయి మరుసటి వారానికి మరింత దుమ్మును పట్టుకుంటుంది. డెటాల్ కూడా పనికిరాదు, అందులోని పైన్ నూనె వాసనతోపాటు మరక కూడా వదులుతుంది. గోళ్లరంగు తుడిచే అసిటోన్ అయితే ప్లాస్టిక్‌నే కరిగించేస్తుంది. సెల్‌ఫోన్ రిపేరు దుకాణాల్లో ఐపీఏ అని అడిగితే ఇచ్చే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఈ పనికి సరైనది. కంట్రోలర్‌ను ఆపివేసి, ఛార్జింగ్ తీగ తీసేసి, మెత్తని గుడ్డను తడిపి బాగా పిండిన తర్వాతే తుడవాలి తప్ప ద్రవాన్ని నేరుగా కంట్రోలర్ మీద పోయకూడదు. పొయ్యి దగ్గర అసలే వద్దు, అది ఇట్టే అంటుకుంటుంది.

పైభాగం తుడిచేస్తే అయిపోయిందనుకుంటారు గానీ అసలు మురికి ఉండేది కంట్రోలర్ పైనా కిందా ఉండే రెండు ప్లాస్టిక్ చిప్పలు కలిసే గీతలో. ఏళ్ల తరబడి అరచేతి చెమట, చర్మపు పొట్టు, చిరుతిళ్ల నూనె చేరి అక్కడ నల్లటి గీతలా గట్టిపడిపోతాయి. దాన్ని సూదితో గానీ బ్లేడుతో గానీ గీకితే ప్లాస్టిక్ మీద గాట్లు పడి, వాటిలో మళ్లీ మురికి చేరుతుంది. మన కోనసీమలో కొబ్బరి ఈనెలకు కొరత లేదు కదా, ఒక ఈనె చివరను ఏటవాలుగా చెక్కి, ఆల్కహాల్‌లో ముంచి ఆ గీత వెంట మెల్లగా లాగితే ఆ మురికి అచ్చం చెవిలో గులిమిలా ముద్దలు ముద్దలుగా పైకి వస్తుంది. చూడటానికి అసహ్యంగానే ఉంటుంది గానీ, అది బయటికి రానంతవరకు ఎంత తుడిచినా ఆ వాసన పోదు. బొటనవేళ్లతో తిప్పే చిన్న పుల్లల్లాంటి అనలాగ్ స్టిక్‌ల మొదట్లో ప్లాస్టిక్ అరిగి రాలిన పొడి చేరుతుంది, దానికి ఇయర్‌బడ్ చాలు.

ఇక విప్పడం గురించి. డ్యూయల్‌షాక్ 4 వెనుక నాలుగే స్క్రూలుంటాయి, అందుకే చాలామంది సులువనుకుంటారు. కానీ చిప్పలు విడదీయగానే చూపుడువేళ్లతో నొక్కే ఎల్2, ఆర్2 ట్రిగ్గర్ల (ముందువైపు మీటల) కింది సన్నని స్ప్రింగులు ఎగిరిపోతాయి, రెండు చిప్పలనూ కలిపే పలుచని పట్టీలాంటి రిబ్బన్ కేబుల్‌ను గమనించకుండా లాగితే తెగిపోతుంది. బటన్లు లోపలికి నొక్కుకుపోయి పైకి రాకుండా ఉంటేనో, లోపల కూల్‌డ్రింక్ ఒలికిందని తెలిస్తేనో తప్ప విప్పవలసిన అవసరం లేదు. విప్పితే మాత్రం ముందుగా బ్యాటరీ కనెక్టర్ తీసేయాలి. ఆ తర్వాత బోర్డును పక్కన పెట్టి, చిప్పలనూ బటన్లనూ సబ్బునీళ్లలో కడిగి నీడలో ఆరబెట్టవచ్చు.

సమాధానం 2 (రాజోలు, ల్యాబ్ టెక్నీషియన్)

పై మిత్రులు చెప్పిన పద్ధతితో నాకు పేచీ లేదు గానీ, ఆల్కహాల్ గాఢత గురించి ఒక మాట చెప్పాలి. రిపేరు దుకాణాల్లో దొరికేది సాధారణంగా 99 శాతానిది. నీటి అంశం లేకుండా త్వరగా ఆరిపోతుంది కాబట్టి సర్క్యూట్ బోర్డుకు అది మేలు. సూక్ష్మజీవులను చంపడానికి మాత్రం 70 శాతం ద్రావణమే బాగా పనిచేస్తుంది, ఎందుకంటే సూక్ష్మజీవిలోని ప్రోటీన్లు గడ్డకట్టడానికి కొంత నీరు ఉండాలి, పైగా నీరు కలిసిన ద్రావణం వెంటనే ఆవిరైపోకుండా ఉపరితలం మీద కాసేపు నిలుస్తుంది. కాబట్టి పైచిప్పకు 70, లోపలి బోర్డుకు 99 వాడండి. మురికి పొర అలాగే ఉండగా ఆల్కహాల్ రాస్తే దాని అడుగున ఉన్నవాటికి ఏమీ కాదు. సబ్బునీటిలో ముంచి గట్టిగా పిండిన గుడ్డతో ముందు జిడ్డు వదిలించి, ఆ తర్వాతే ఆల్కహాల్ రాయాలి, రాసిన తడిని వెంటనే తుడిచేయకుండా దానంతటదే ఆరనివ్వాలి.

చర్మం మీద ఉండే స్టెఫైలోకోకస్ బ్యాక్టీరియా పొడి ప్లాస్టిక్ మీద రోజుల తరబడి, కొన్ని పరిస్థితుల్లో నెలల తరబడి బతకగలదు. మన తేమ వాతావరణంలో తామర ఎంతమందికి ఉంటుందో చెప్పనక్కర్లేదు, దాన్ని కలిగించే ఫంగస్ కూడా వస్తువుల మీద చాలాకాలం నిలిచి ఉంటుంది. అందువల్ల పది రోజులు మూల పెట్టేస్తే అవే చచ్చిపోతాయిలే అనుకోవడం సరికాదు. అయితే భయపడవలసిన పని కూడా లేదు. ఊళ్లో ఏటీఎం మీటలనూ, బస్సు కడ్డీలనూ రోజూ పట్టుకుంటూనే ఉన్నాం. ఒకసారి శ్రద్ధగా శుభ్రం చేసి, ఆ తర్వాత ఆడే ముందూ ఆడాకా చేతులు కడుక్కునే అలవాటు ఉంటే పెద్దవాళ్లకు సరిపోతుంది. చంటిపిల్లకు మాత్రం, ఎంత శుభ్రం చేసినా సరే, కంట్రోలర్ అందనివ్వకండి.

సమాధానం 3 (పాలకొల్లు)

స్టిక్‌ల మీది రబ్బరును బొటనవేలితో రుద్ది చూడండి. జిగటగా తగిలినా, పొరలుగా లేచినా ఆ కంట్రోలర్ తీసుకోకండి. అది మురికి కాదు, గాలిలోని తేమకు రబ్బరే చెడిపోవడం, ఎంత తుడిచినా అది మళ్లీ జిగురవుతూనే ఉంటుంది. స్టిక్ టోపీలు విడిగా దొరుకుతాయి గానీ వాటిని మార్చాలంటే విప్పక తప్పదు. నన్నడిగితే కన్సోల్ మాత్రం తీసుకుని, కంట్రోలర్ల వంతు ధర తగ్గించమని బేరమాడి, కొత్తది ఒకటి కొనుక్కోవడం మంచిది.

ప్రశ్న అడిగినవారు

చాలా కృతజ్ఞతలు. నిన్న సాయంత్రం మళ్లీ వెళ్లి చూశాను. ఒకదాని రబ్బరు గట్టిగానే ఉంది. రెండోదాని ఎడమ స్టిక్ మీద రబ్బరు చిరిగి లోపలి ప్లాస్టిక్ కనిపిస్తోంది, పైగా వేలు తీసేసినా ఆటలో బొమ్మ దానంతటదే పక్కకు జరుగుతోంది. శుభ్రం చేయిస్తే ఆ దోషం పోతుందని పార్లర్ వారు అంటున్నారు. నిజమేనా?

సమాధానం 1 (అమలాపురం)

దుమ్ము వల్ల వచ్చిన దోషమైతే ఆల్కహాల్ పడిన వెంటనే పోయినట్టు కనిపిస్తుంది, కొన్నాళ్లు బాగానే ఉంటుంది కూడా. కానీ రబ్బరు చిరిగేంతగా ఆడిన స్టిక్‌లో, దాని కదలికను కొలిచే పొటెన్షియోమీటరు లోపలి పట్టీయే అరిగిపోయి ఉంటుంది, అరిగినదాన్ని తుడవడం వల్ల తిరిగి రాదు. ఆ స్టిక్ మాడ్యూల్‌ను, అంటే పొటెన్షియోమీటరుతో సహా ఆ భాగం మొత్తాన్ని, బోర్డు నుంచి ఊడదీసి కొత్తది టంకం పెట్టాలి. ఆ ఖర్చును ధరలోంచి తగ్గించమని అడగండి, లేదా ఆ ఒక్కటి వదిలేయండి. మంచిదిగా ఉన్నదాన్ని కూడా పక్కనుంచి చూడండి, చిప్పల మధ్య గీత ఒకచోట వెడల్పుగా తెరుచుకుని ఉంటే లోపల బ్యాటరీ ఉబ్బిందేమోనని అనుమానించాలి. అలాంటిదాన్ని ఛార్జింగ్ పెట్టకూడదు.

సమాధానం 4 (నరసాపురం)

ఇక్కడ ఇంతవరకు ఎవరూ ప్రస్తావించనిది నీటి విషయం. సబ్బునీళ్లన్నారు గదా అని మన బోరు నీళ్లు వాడకండి. సముద్రానికి దగ్గరగా ఉన్న మా వైపు బోరు నీరు చాలాచోట్ల ఉప్పన, ఆరిన తర్వాత చిప్ప మీద తెల్లటి చారలు మిగులుతాయి, అదే ఉప్పు లోపలికి దిగితే బోర్డు మీది రాగికి పచ్చగా చిలుము పడుతుంది. ఇన్వర్టర్ బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ ఒక సీసా కొనుక్కుంటే ఈ పనికంతటికీ సరిపోతుంది.

రెండో కంట్రోలర్ వదిలేసి ఎక్స్‌బాక్స్ కంట్రోలర్‌ను కంప్యూటర్‌కు వాడుకునే ఆలోచన ఉన్నవారికి కూడా ఒక సూచన. వాటిలో మామూలు పెన్సిల్ సెల్స్ వేస్తారు కాబట్టి ముందు సెల్ గది మూత తీసి చూడండి. ఆల్కలైన్ సెల్ కారి, స్ప్రింగు మీద తెల్లటి పొక్కు కనబడితే ఇయర్‌బడ్‌కు రెండు చుక్కల నిమ్మరసం అద్ది రుద్దితే అది వదులుతుంది, తర్వాత డిస్టిల్డ్ వాటర్‌తో తుడిచి పూర్తిగా ఆరనివ్వాలి. ఆ పొక్కును వట్టి చేతులతో ముట్టుకోకండి, కారిన ద్రవం క్షారం, చర్మాన్ని మండిస్తుంది. ముసురు రోజుల్లో ఆడటం అయ్యాక కంట్రోలర్‌ను టీవీ వెనుక పడేయకుండా మూత ఉన్న డబ్బాలో, కొత్త చెప్పుల పెట్టెల్లో వచ్చే తేమను పీల్చే సిలికా జెల్ పొట్లాలు రెండు మూడు వేసి ఉంచండి.