1813 ఇంగ్లండ్ కథ: తండ్రి కూతుళ్ళకు భూమి ఎందుకు రాయలేడు?

గట్టుమీద_చెట్టు:
1813 నాటి ఇంగ్లండ్‌లో జరిగే పెద్దకథ రాస్తున్నాను. ఏడాదికి 2,000 పౌన్ల రాబడి ఉన్న భూస్వామి, ముగ్గురు కూతుళ్ళు, కొడుకుల్లేరు. ఆయన తర్వాత భూమి ఆయన పినతండ్రి మనవడికి పోతుంది. చదివినవాళ్ళంతా "వీలునామా రాస్తే పోయేదిగా, పెద్దపిల్ల ప్రేమించినవాడితో లేచిపోవచ్చుగా" అంటున్నారు. ముడి ఎక్కడ బిగించాలి?

దస్తావేజు:
సెటిల్‌మెంట్ దస్తావేజు దగ్గర, అంటే భూమి తర్వాత ఎవరికి పోవాలో ముందే కట్టేసే కుటుంబ ఒప్పందం దగ్గర. ఆయనకు ఆ భూమి మీద బతికున్నన్నాళ్ళు అనుభవించే హక్కే ఉంది. అమ్మలేడు, వీలునామాలో రాయలేడు. కొడుకుంటే, వాడికి 21 నిండాక తండ్రీకొడుకులు కలిసి కోర్టు ద్వారా ఆ కట్టు విప్పుకోవచ్చు. ఇక్కడ ఆ దాయాది కలిసిరావాలి. అతను ఎందుకొస్తాడు? ఈ ప్రశ్నను ఒక సన్నివేశం చేయండి, పాఠకుల అనుమానం అక్కడే తీరుతుంది.

కూతుళ్ళ వాటా తల్లిదండ్రుల పెళ్ళినాటి ఒప్పందంలోనే రాసుంటుంది. 6,000 పౌన్లు అనుకుంటే తలా 2,000, నాలుగు శాతం వడ్డీకి ఏడాదికి 80 పౌన్లు. 2,000 రాబడి ఇంట్లో పెరిగిన పిల్ల 80తో బతకాలి. పరువు గురించి పేజీలు రాసేకంటే ఈ లెక్క ఒక్కసారి చెప్పండి చాలు.

మూడు_ఆదివారాలు:
లేచిపోవడానికి ముందు పిల్ల వయసు చూడండి. 1753 చట్టం ప్రకారం 21 లోపు వాళ్ళకు లైసెన్సు పెళ్ళి (చాటింపు లేకుండా, చర్చి అనుమతి పత్రంతో చేసుకునేది) కావాలంటే తండ్రి ఒప్పుకోవాలి. చర్చిలో మూడు ఆదివారాలు ఫలానావాళ్ళ పెళ్ళని చాటింపు వేయించినా, తండ్రి లేచి కాదంటే ఆ చాటింపు చెల్లదు. అందుకే స్కాట్లండ్ సరిహద్దు దాటి గ్రెట్నా గ్రీన్‌కు పరుగు. అక్కడ సాక్షుల ముందు ఒప్పుకుంటే పెళ్ళే. కానీ లండన్ నుంచి 300 మైళ్ళకు పైనే. దారిపొడవునా గుర్రాలు మారుస్తూ ఆగకుండా పోయినా సుమారు రెండు రోజులు. ఆ గుర్రాల ఖర్చు ఎవరిస్తారో రాయకపోతే కథ అక్కడ కుంటుతుంది.

ఇంకొకటి: నిశ్చయమయ్యాక మగవాడు తప్పుకుంటే మాట తప్పాడని దావా వేయొచ్చు. కథానాయకుణ్ణి కట్టేయడానికి అంతకన్నా గట్టి తాడు లేదు.

గట్టుమీద_చెట్టు:
పెద్దపిల్లకు 22 పెట్టాను. అయితే తండ్రి ఆపలేడా?

దస్తావేజు:
చట్టం ఆపదు, డబ్బు ఆపుతుంది. తల్లిదండ్రుల సమ్మతితో చేసుకుంటేనే వాటా అందుతుందని ఒప్పందంలో ఒక షరతు పెట్టండి. అలాంటివి ఉండేవి. పైగా అక్క లేచిపోయిన ఇంటి చెల్లెళ్ళకు సంబంధాలు రావు. ఆమెను నిజంగా ఆపేది అదే.

వరసలు:
తెలుగులో రాస్తున్నారు కాబట్టి ఒక ప్రమాదం. భూమి ఇంట్లోనే ఉంటుందని ఆ దాయాదికి పిల్లనివ్వడం వాళ్ళకు చక్కటి సంబంధం. మనకు అతను అన్న వరస! "కజిన్"ను "బావ" అని రాస్తే చుట్టరికం తప్పు, "అన్న" అంటే పాఠకుడు పుస్తకం మూసేస్తాడు. "దూరపు చుట్టం, ఆస్తికి వారసుడు" అని మొదటే చెప్పి, తర్వాత ఇంటిపేరుతో పిలిపించండి. తలకిందులుగా, భార్య పోతే మరదల్ని చేసుకోవడం మనకు మామూలు, వాళ్ళ చర్చికి నిషిద్ధం. ఆ పెళ్ళికి చట్టం ఒప్పుకున్నది 1907లో. ఆ మలుపు మాత్రం పెట్టకండి.