ఎంబీఏ అప్లికేషన్‌కి ముందే కాలేజీవాళ్లతో పరిచయాలు: అవసరమా, కాకా పట్టడమా?

పెన్నా గట్టు (నెల్లూరు):
మాది బుచ్చి దగ్గర. చెన్నైలో నాలుగేళ్లుగా సాఫ్ట్‌వేర్. ఈసారి ఎంబీఏకి హైదరాబాద్‌లోని బిజినెస్ స్కూల్ ఐఎస్‌బీకి, అమెరికాలో రెండు మూడు కాలేజీలకి పెడదామనుకుంటున్నా. కన్సల్టెంట్ ఒకటే పోరు, లింక్డ్‌ఇన్‌లో అల్యూమ్నీకి (ఆ కాలేజీ పాత విద్యార్థులకి) మెసేజ్‌లు పెట్టు, వెబినార్లలో కూర్చుని ప్రశ్నలడుగు, అడ్మిషన్స్ వాళ్లకి నీ పేరు గుర్తుండాలి అని. నాకేమో పెళ్లిచూపులు కాకముందే అత్తగారింటికెళ్లి మంచినీళ్లు అడిగినట్టుంది. నిజంగా ఉపయోగం ఉందా?

గిత్త (ఒంగోలు):
శుద్ధ దండగ తమ్ముడూ. నేను క్యాట్ రాసి ఐఐఎంలో చేరా. వాళ్లు చూసింది పర్సంటైల్, టెన్త్ నుంచి డిగ్రీ దాకా మార్కులు, ఉద్యోగ అనుభవం, ఆపైన ఇంటర్వ్యూ. లోపల ఒక్క మనిషి కూడా నాకు తెలీదు. సిఫారసుతో పని జరిపించుకోవడం మనకి పాత అలవాటే, దానికి నెట్‌వర్కింగ్ అని పేరు మార్చారంతే.

పెన్నా గట్టు:
అన్నా, నేను రాసింది ఐఎస్‌బీ, అమెరికా కాలేజీలు చూసే జీమ్యాట్ పరీక్ష, క్యాట్ కాదు.

గిత్త:
ఏదైతేనేం, స్కోరుంటే వాళ్లే పిలుస్తారు.

నల్లరాయి (చీమకుర్తి):
పిలవరు గిత్తన్నా. నాకు స్కోరు బాగానే వచ్చింది, మొదటి ఏడాది ఒక్కచోట నుంచీ ఇంటర్వ్యూ రాలేదు. ఐఐఎంలో లెక్క ముందే తెలుసు, ఇన్ని మార్కులకి ఇంత వెయిటేజీ అని. ఐఎస్‌బీలో, అమెరికా కాలేజీల్లో ఫైలంతా చదువుతారు, ఎస్సేలు, రికమండేషన్ లెటర్లతో సహా. 'మా కాలేజీయే ఎందుకు' అన్నదానికి నేను రాసిందంతా వెబ్‌సైట్ చూసి రాసిందే. కాలేజీ పేరు మార్చి ఎక్కడ పెట్టినా సరిపోతుంది, అలాంటిది ఎవరు నమ్ముతారు చెప్పండి.

రెండో ఏడాది పన్నెండు మంది అల్యూమ్నీకి రాస్తే నలుగురు పలికారు. అందులో ఒకాయన, మాకు గ్రానైట్ పాలిషింగ్ యూనిట్ ఉందనీ చదువయ్యాక దాంట్లోకే వస్తాననీ చెబితే, 'మరి రెండేళ్ల కోర్సెందుకు? మధ్యలో సమ్మర్ ఇంటర్న్‌షిప్ ఉండేది ఉద్యోగం మారేవాళ్లకి, నువ్వు సొంత ఫ్యాక్టరీకి పోయేవాడివి, ఏడాది కోర్సు చూసుకో' అన్నాడు. ఐఎస్‌బీలో ఏడాది, ఫ్రాన్స్ బిజినెస్ స్కూల్ ఇన్సియాడ్‌లో పది నెలలే. నా లిస్టులో మూడు అమెరికా కాలేజీలు అప్పుడే పోయాయి. ఒక్కోదానికి అప్లికేషన్ ఫీజే 250 డాలర్లు అటూ ఇటూ, అదీ మిగిలింది.

గిత్త:
అంటే సమాచారం కోసం మాట్లాడావు, సీటు కోసం కాదు. నేను చెప్పిందీ అదే.

నల్లరాయి:
మీరు చెప్పింది దండగ అని. పైకి పోయి చూసుకోండి 🙂

కావలి పిల్ల:
సిఫారసు అనే మాట నాకు నచ్చలేదు గిత్త గారూ. ఢిల్లీలోనో ముంబైలోనో పెద్ద కన్సల్టింగ్ కంపెనీలో చేసేవాడికి పక్క సీట్లోనే నలుగురు అల్యూమ్నీ ఉంటారు, టీ తాగుతూ అన్నీ తెలుసుకుంటాడు, దాన్ని ఎవరూ కాకా పట్టడం అనరు. మా వీధిలో ఎంబీఏ అంటే ఐసెట్ రాసి, ర్యాంకుని బట్టి కౌన్సెలింగ్‌లో వచ్చిన కాలేజీలో చేరడమే. మనకి ఆ పక్క సీటు లింక్డ్‌ఇనే.

కాకపోతే అడిగే పద్ధతుంది. ఎంబీఏ చేశాక నాకిప్పుడు వారం వారం మెసేజ్‌లు వస్తాయి, 'హాయ్ మేడమ్, ప్లీజ్ గైడ్ మీ', 'నా ప్రొఫైల్‌కి ఛాన్స్ ఉందా' అని. ఏం చెప్పను? ఛాన్స్ తేల్చేది నేను కాదుగా. అదే 'మీరు ఫ్యాక్టరీ పని నుంచి కన్సల్టింగ్‌కి మారారు కదా, ఇంటర్వ్యూల్లో ఎక్కడ తడబడ్డారు' అని అడిగితే ఆదివారం కూర్చుని మరీ రాస్తా.

పేరు గుర్తుండాలని వెబినార్‌లో ప్రశ్నలడగడం మాత్రం వద్దు, వెబ్‌సైట్లో ఉన్నదే అడిగితే అందరి ముందూ నవ్వులపాలవుతావు. డబ్బులిస్తే అల్యూమ్నీతో మాట్లాడిస్తానని మీ కన్సల్టెంట్ అంటే దానికీ ఒప్పుకోకు. ఒకళ్ల దగ్గర నేను కట్టా. ఫోన్లో మాట్లాడినతను నేను పెట్టబోయే కాలేజీలో చదవనేలేదు.

గిత్త:
అది మోసం కదమ్మా. సరే, పక్క సీటు మాట ఒప్పుకుంటా. క్యాట్ రాసేవాళ్లు మాత్రం ఈ గోలంతా వదిలేసి మాక్ టెస్టులు రాసుకోండి.

పెన్నా గట్టు:
ఇద్దరికి రాశా. ఒకరు చూసి ఊరుకున్నారు, ఇంకొకరు శనివారం రాత్రి తొమ్మిదికి కాల్ చెయ్యమన్నారు, ఇప్పట్నుంచే టెన్షన్. ఇవి అడుగుదామని: ఒకటి, కోడింగ్ నుంచి ప్రొడక్ట్ మేనేజ్‌మెంట్‌కి మారడానికి అక్కడ ఏ స్టూడెంట్ క్లబ్ పనికొచ్చింది. రెండు, మళ్లీ అప్లై చేయాల్సొస్తే ఎస్సేలో ఏం మారుస్తారు. మూడు, యావరేజ్ ప్యాకేజీ ఎంత.

గిత్త:
మూడోది తీసెయ్. గూగుల్లో ఉంటుంది.