కటక్ హైకోర్టులోని భూమి కేసును ఫోన్‌లో చూసుకోవడం ఎలా?

ప్రశ్న (పర్లాకిమిడి): మా నాన్నగారి భూమి అప్పీలు కటక్‌లోని ఒరిస్సా హైకోర్టులో ఉంది. వాయిదా ఉందో లేదో తెలియక రాత్రంతా రైల్లో కూర్చుని వెళ్ళి, ఊరికే తిరిగి వస్తున్నాము. ఈకోర్ట్స్ యాప్‌లో కేసు దొరకడం లేదు, ఏం చేయాలండీ?

జవాబు (బరంపురం): ముందు జిల్లా కోర్టులు కాకుండా హైకోర్టులను ఎంచుకోండి. ప్రతి కేసుకూ విడిగా ఇచ్చే 16 అక్షరాంకెల సీఎన్ఆర్ నంబరు లేకపోతే అప్పీలు రకం, నంబరు, సంవత్సరం ఇవ్వండి.

జవాబు (రాయగడ): తేదీ చూసి ఆగకుండా ఉత్తర్వులను మొదటి నుంచి వరుసగా చదవండి. మా అమ్మ కేసులో ప్రతివాదికి నోటీసు అందలేదన్న ఒక్క వాక్యం చదివాకే ఇన్నేళ్ళ జాప్యం ఎందుకో మాకు అర్థమైంది. బయలుదేరే ముందు మాత్రం వకీలుగారిని తప్పక అడగండి.

అడిగినవారు: దొరికిందండీ! ఇన్నాళ్ళూ నేను అప్పీలు సంవత్సరానికి బదులు కింది కోర్టు దావా సంవత్సరం వేస్తున్నాను.