రంగు పూసిన ఇటుకల పొయ్యికి పాత రూపు తెచ్చేదెలా?

చిత్తూరులోని మా పాత ఇంటి వంటగదిలో, మా అవ్వ వండిన కట్టెల పొయ్యికీ దాని మీది ఇటుకల పొగగొట్టానికీ ఎప్పుడో ఆకుపచ్చ ఎనామెల్ రంగు వేయించారు. ఏటా సంక్రాంతికి ఆ పొయ్యి మీదే పొంగలి పెడతాము కనుక, మంటకు దగ్గరగా ఉన్న రంగు బొబ్బలెక్కి పొరలుగా ఊడుతోంది. పాత రంగులో సీసం ఉండవచ్చునని పొడిగా గీకించలేదు. ఎనామెల్ మీద సున్నం నిలవదు. ఇసుకను ఒత్తిడితో చిమ్మిస్తే ఇటుక గట్టి పైపొరే పోతుంది. రంగును మెత్తబరిచే ద్రావకంతో కొంచెం కొంచెంగా తీయించడం మేలా, లేక మంట తగిలే చోట మాత్రమే తీయించి, పైభాగానికి ఇటుక ఎరుపు రంగు వేయించడం మేలా? అవ్వ కాలం నాటి ఎర్రటి ఇటుకను మళ్ళీ చూడాలని నాకు ఎంతో ఆశ. ఇటువంటి పని చేయించినవారు పద్ధతినీ ఖర్చునూ దయచేసి తెలుపగలరు.