పసుపు చీమల మధ్య బెల్లం రంగు పురుగు: చీమలు దాన్ని చంపేస్తాయా?

వేమూరు_ఆడపడుచు:
మేం ఉండేది ఇంగ్లండులో, సర్రేలో. ఆదివారం మా ఏడేళ్ళ పాపతో సుద్దకొండల మీదికి నడకకి వెళ్ళాం. ఎండ బాగా పడే వాలులో ఒక పలకరాయి ఎత్తితే కింద పసుపు చీమలు, వాటి తెల్లటి పిల్లలు. వాటి మధ్య నువ్వుగింజకన్నా చిన్న పురుగు, అచ్చం బెల్లం రంగు. ఫోన్‌లో పెద్దది చేసి చూశాం. తలమీద కళ్ళే లేవు! మీసాలు చివర లావుగా ఉన్నాయి, "హనుమంతుడి గదలా" అంది పాప. ఇంతలో ఒక చీమ దాన్ని నోట కరుచుకుని లోపలికి లాక్కుపోయింది. గబగబా రాయి పెట్టేసి వచ్చాం. "తినేస్తాయా అమ్మా?" అని రాత్రి పడుకునేదాకా అడుగుతూనే ఉంది. తెలిసినవాళ్ళుంటే చెప్పండి.

రాతికింద_లోకం:
తినవండీ, పాపకి ధైర్యంగా చెప్పండి. మీరు చెప్పిన గుర్తులన్నీ క్లావిజర్ టెస్టేసియస్ అనే పెంకుపురుగువి. లాటిన్‌లో క్లావిజర్ అంటే గద పట్టినవాడనే, పాప సరిగ్గా పట్టేసింది! పొడవు 2 మిల్లీమీటర్ల పైచిలుకు. కళ్ళూ లేవు, ఎగిరే రెక్కలూ లేవు.

రెక్కల పెంకుల చివర దానికి వెంట్రుకల కుచ్చులుంటాయి. అక్కడ ఊరేదాన్ని చీమలు నాకుతాయి. ఆ స్రావం వల్ల చీమలు దాన్ని చచ్చిన పురుగు అనుకుని పిల్లలున్న గదికి మోసుకెళ్తాయని దీన్ని పరిశీలించినవాళ్ళు అంటారు. చచ్చిన పురుగంటే చీమపిల్లలకి మేతే కదా. అలా లోపలికి చేరిన పురుగుకి చీమలే నోటితో తినిపిస్తాయి. చచ్చిన చీమపిల్లల్నీ ఇది తింటుంది.

పత్తిచేను:
ఆ నోటి తిండి ఎక్కడిదో కూడా పాపకి చెప్పండి. ఈ పసుపు చీమలు, లేసియస్ ఫ్లేవస్, గడ్డి వేళ్ళమీద పేనుబంకను సాకి, అది కార్చే తీపి రసం తాగుతాయి. మన చిక్కుడు పాదుమీద పేనుబంక చుట్టూ చీమలు తిరుగుతుంటాయి చూడండి, అదే పని. కాకపోతే అక్కడ మట్టిలోపల.

రాతికింద_లోకం:
ఇంకొక్క మాట, ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది. వీటి పాత చుట్టం మన దేశంలోనే దొరికింది! గుజరాత్ లిగ్నైట్ బొగ్గు గనిలో దొరికిన ఆంబర్‌లో, అంటే రాయిలా గట్టిపడిన పాతకాలపు చెట్టు బంకలో, సుమారు 5.2 కోట్ల ఏళ్ళనాటిది. 2014లో ప్రోటోక్లావిజర్ అని పేరు పెట్టారు. కుచ్చులు అప్పటికే ఉన్నాయి. ఇప్పటివాటిలో ఒకే పలకగా అతుక్కుపోయిన పొట్ట ఖండాలు మాత్రం దానిలో ఇంకా విడివిడిగా ఉన్నాయి.

వేమూరు_ఆడపడుచు:
అన్నీ చదివి వినిపించాను. డబ్బాలో తెచ్చి పెంచుకుందామంటోంది.

రాతికింద_లోకం:
వద్దమ్మా. దానికి అన్నం పెట్టేది చీమలే, వాటినుంచి విడదీయొద్దు. ఈసారి చూసినా రాయి ఎలా ఉందో అలాగే, చీమలు నలగకుండా మెల్లగా పెట్టండి.

వేమూరు_ఆడపడుచు:
మొన్న కంగారులో ఒక పక్క ఎత్తుగానే వదిలేసి వచ్చాను. ఈ ఆదివారం వెళ్ళి సరిగ్గా కూర్చోబెట్టి వస్తాం.