సన్నివేశాల వరస ప్రేక్షకులు తేల్చే నాటకం: అది భాగస్వామ్యమేనా?

మూడోగంట: ఆరు విడి సన్నివేశాలు, వాటిలో ఏ నాలుగు, ఏ వరసలో ఆడాలో ప్రేక్షకులు చేతులెత్తి తేల్చాలి. అలాంటి నాటకం చూసొచ్చాను. ఎటు తిప్పినా తేలేది ఒకటే. మరి మమ్మల్ని అడగడం దేనికి? 1935లో న్యూయార్క్ బ్రాడ్‌వేలో ఆడిన రచయిత్రి అయిన్ ర్యాండ్ కోర్టు నాటకంలో ప్రేక్షకుల్లోంచే జ్యూరీని కూర్చోబెట్టారు. వాళ్ల తీర్పును బట్టి ముగింపు మారేది. ఎంపికంటే అది!

ఖాళీరంగం: ఆ రెండు ముగింపులూ ముందే రాసిపెట్టినవే కదండీ. అసలైన భాగస్వామ్యం బ్రెజిల్ దర్శకుడు అగస్టో బోఆల్ పెట్టిన ఫోరమ్ థియేటర్‌ది. ఆట ఒకసారి మొత్తం చూపించి మళ్లీ మొదలుపెడతారు. ఈసారి ప్రేక్షకుడు 'ఆపండి' అని లేచొచ్చి పీడితుడి పాత్ర తనే వేస్తాడు. అయినా వరస మారితే ఏమీ మారదంటే ఒప్పుకోను. ఉదాహరణకి, తల్లి ఉత్తరం చింపే సన్నివేశం ముందొస్తే ఆవిడ రాక్షసి. కొడుకు అబద్ధాలు చూశాక వస్తే పాపం అనిపిస్తుంది.

డిమ్మర్: ఆరింట్లో నాలుగంటే 360 వరసలు. లైట్లు నడిపేది నేను. చేతులు లెక్కపెట్టేదాకా నాకు తర్వాతి క్యూ, అంటే ఏ లైటు ఎప్పుడు మార్చాలో, తెలియదు.

పాప్‌కార్న్: చేతులెత్తమనగానే నేను తల దించేసుకుంటా. టికెట్ కొన్నది చూడ్డానికి.

ఖాళీరంగం: డిమ్మర్ గారూ, 360 ఎందుకు? ప్రతి సన్నివేశం ఒకే సాదా లైట్లో మొదలై అందులోనే ముగిస్తే సన్నివేశానికొకటి చొప్పున ఆరు క్యూల సెట్లు చాలు.

డిమ్మర్: ప్రతిదీ ఒకేలా మొదలై ఒకేలా ఆగితే ఆటకు ఊపెక్కడిది? ఓసారి లైట్ల బోర్డు ముందు కూర్చుని చెప్పండి.

మూడోగంట: లైట్ల గోల తర్వాత. నా స్క్రిప్టు ఒకటి ఇలాగే ముక్కలు చేసి ఆడారు. కరపత్రంలో 'రచన: ప్రేక్షకులు' అని వేశారు!

ఖాళీరంగం: అదన్నమాట సంగతి! పేరు పోయిందని కోపం. దానికి సిద్ధాంతం తొడిగారు.

మూడోగంట: మాటలు జాగ్రత్త మాస్టారూ. ఆట తేలిపోయిన రోజు తిట్లు 'ప్రేక్షకుల'కి పడలేదు, నాకే పడ్డాయి.

డిమ్మర్: మీ ఇద్దరి తగువూ రచయిత ఎవరనే. నేను పనిచేసిన బృందంలో ఆరూ రిహార్సల్ చేయించి, ఆ పూట తన సన్నివేశం ఎంచలేదని ఒక నటికి డబ్బులివ్వలేదు. మేకప్ వేసుకుని పక్కతెర వెనక చివరిదాకా నిలబడింది. ఆవిణ్ని ఎవరైనా చేతులెత్తి అడిగారా?

ఖాళీరంగం: ఆడినా ఆడకున్నా ఇవ్వాల్సిందే. కానీ అది నిర్మాత తప్పు, పద్ధతిది కాదు.

డిమ్మర్: పద్ధతి పెట్టేవాళ్లు ఆ మాట ముందే కాగితం మీద రాయిస్తే ఒప్పుకుంటా. మీ బృందంలో రాశారా?

పాప్‌కార్న్: రెండు రోజులైంది. జవాబు లేదు.