బన్నీకి చీతాలు తేవాలా, ముందు అక్కడున్న తోడేళ్లను చూసుకోవాలా?

ఉప్పల్ నుంచి: గుజరాత్‌లో కచ్ ఎడారి అంచున ఉన్న బన్నీ గడ్డిమైదానంలో చీతాల సంతానోత్పత్తి కేంద్రం పెట్టడానికి 2023లో కేంద్రం ఒప్పుకుంది కదా. ఆ ఖర్చు సబబేనంటారా?

బహదూర్‌పురా నుంచి: తేవాల్సిందేనండి. మన దేశంలో చీతా అంతరించిపోయిందని 1952లోనే ప్రకటించారు. 2022లో నమీబియా నుంచి 8, మరుసటి ఏడాది దక్షిణాఫ్రికా నుంచి 12 మధ్యప్రదేశ్‌లోని కూనో నేషనల్ పార్కుకు వచ్చాయి, కొన్ని చనిపోయినా అక్కడ పిల్లలూ పుట్టాయి. మన హైదరాబాద్ జూపార్కులో సౌదీ నుంచి వచ్చిన అబ్దుల్లా 2023లో చనిపోతే మా పిల్లలు ఎంత ఏడ్చారో! చీతా పేరు చెబితేనే గడ్డిమైదానాలకు డబ్బులొస్తాయి, తోడేలంటే ఎవరిస్తారు?

అత్తాపూర్ నుంచి: నేను ఒప్పుకోను అన్నా. బన్నీకి చీతా లేని లోటు కన్నా గడ్డి లేని లోటు పెద్దది. ఉప్పునేల ముందుకు రాకూడదని 1960లలో అటవీశాఖే అక్కడ సర్కారు తుమ్మ నాటించింది, పశువులు దాని కాయలు తిని పేడతో విత్తనాలను ఊరూరా చేర్చాయి, ఇక ఆ కంప ఎంత మొండిదో పాలమూరు, నల్లగొండ బీళ్లు చూసినవాళ్లకు నేను చెప్పక్కర్లేదు. తెరిపి నేల మీద పరిగెత్తి వేటాడే జంతువు ఆ ముళ్లలో ఏం వేటాడుతుంది?

తోడేలు మాత్రం ఎవరూ తేకుండానే అక్కడ బతుకుతోంది. 2022 లెక్కల్లో దేశంలో పులులు 3,682, తోడేళ్లేమో 3,000 చిల్లర అని అంచనా. అయినా గడ్డినేలను రికార్డుల్లో బంజరు అని రాసి దేనికంటే దానికి ఇచ్చేస్తున్నారు. కచ్‌లోనే ఖావ్డాలో 30 గిగావాట్ల సోలార్, గాలిమరల పార్కు వస్తోంది. కరెంటు కావాలి, కాదనను, కానీ కంచెలు, రోడ్లు వేసే ముందు జంతువులు తిరిగే దారులు చూడాలి కదా.

వేటజంతువులూ కాపరులూ ఒకేచోట బతకాలంటే ఏం చేయాలో నమీబియా ఎడారి సింహాల సంగతి చూడండి. కరువొచ్చి అడవి జంతువులు తగ్గితే సింహాలు మందల మీద పడతాయి, కడుపు మండిన కాపరులు వాటిని చంపుతారు. అందుకే అక్కడ సింహాలకు అవెక్కడున్నాయో చెప్పే కాలర్లు కట్టి, ఊరి దగ్గరికొస్తే ముందే కబురు చేస్తున్నారు, రాత్రిపూట పశువులకు గట్టి దొడ్లు కట్టిస్తున్నారు, స్థానికులనే రేంజర్లుగా పెట్టుకున్నారు.

బహదూర్‌పురా నుంచి: రెండూ కలిపి చేయొచ్చుగా?

అత్తాపూర్ నుంచి: చేయొచ్చు, వరస మారకుండా. మొదట అక్కడి పశువుల కాపరులైన మాల్‌ధారీలను కలుపుకుని కంప తీయించి గడ్డి లేపాలి, జింకలు పెరగాలి, తోడేలు గొర్రెను ఎత్తుకుపోతే పరిహారం ఆలస్యం లేకుండా కాపరి చేతికి అందాలి. చీతాలను బయటికి వదిలే మాట అప్పుడు మాట్లాడుకుందాం.